ఆ దీవిలో మంచినీళ్ళు ఎక్కడివి టీచర్?

పది నెలల పాటు రాసిన నా పిల్లల నవల 2022 మార్చిలో, ఒక శనివారం, ఏడో తరగతి గదిలో ఒక్క ప్రశ్నకు కూలిపోయింది.

ఆటల పీరియడ్. బయట అడుగు పెట్టలేని ఎండ. పిల్లలను లోపలే కూర్చోబెట్టి నా రాతప్రతి చదివి వినిపిస్తున్నాను. అక్కాతమ్ముళ్ళు నూకాలు, అప్పన్న ఎవరూ లేని దీవికి కొట్టుకుపోయి అప్పటికి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో వాళ్ళు మాట్లాడే చిలుకను కలిశారు, రెండు గుహలు దాటారు, ఒక రాక్షసుణ్ణి జోలపాట పాడి నిద్రపుచ్చారు. తరగతి చప్పుడు లేకుండా వింటోంది. నాలో నేను మురిసిపోతున్నాను. అప్పుడు మూడో బెంచీలో, ఉప్పాడ వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే కుర్రవాడు చెయ్యెత్తాడు.

"ఆ దీవిలో మంచినీళ్ళు ఎక్కడివి టీచర్?"

"కొబ్బరిబొండాలు ఉన్నాయి కదా" అన్నాను.

"పదకొండు రోజులు బొండాలే తాగితే కడుపు ఊరుకోదు టీచర్."

తరగతి గొల్లుమంది. వాడు మాత్రం నవ్వలేదు. వాళ్ళ నాన్న వేటకు వెళ్తాడు. పడవలోకి వల కంటే ముందు ఎక్కేది నీళ్ళ డబ్బా అని వాడికి ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. జీవశాస్త్రం చెప్పే నాకు తట్టలేదు. గంట కొట్టారు, పిల్లలు వెళ్ళిపోయారు, నేను నోటు పుస్తకాలు సంచిలో పెట్టుకొని ఇంటికి వచ్చాను. ఆ తర్వాత నెల రోజులు వాటిని తెరవలేదు.

అసలు ఈ నవల పుట్టింది మా అమ్మమ్మ రోలు వల్ల. అమ్మమ్మ వాళ్ళది ఉప్పాడ తీరంలో ఇల్లు. ఆ తీరాన్ని సముద్రం ఏటా కొంచెం కొంచెం కోసుకుపోతుంది. కాకినాడ వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. తుపాను వచ్చిన ప్రతిసారీ బీచ్ రోడ్డు తెగుతుంది, బండరాళ్ళు పోస్తారు, మళ్ళీ తెగుతుంది. నా చిన్నప్పుడు పెరడు పోయింది, తర్వాత వంటిల్లు, ఆ వంటింటితో పాటు నేలలో పాతిన రోలు. ఇల్లు పోయినందుకు కంటే రోలు పోయినందుకే అమ్మమ్మ ఎక్కువ కాలం బాధపడింది. "అంత బరువైనదాన్ని ఎక్కడికి మోసుకుపోయిందో చూడు" అనేది, సముద్రం ఎవరో పొరుగింటావిడ అయినట్టు.

ఆ మాటే విత్తనం. సముద్రం మింగినవన్నీ ఎక్కడో ఒకచోట ఒడ్డుకు చేరాలి కదా! గుమ్మాలు, గుడిగంటలు, రోళ్ళు, ఉయ్యాల గొలుసులు అన్నీ చేరే దీవి ఒకటి ఉంటే? మనవరాలు, మనవడు ఆ రోలు వెతుక్కుంటూ వెళ్తే? ఇంతవరకు బాగానే ఉంది. కానీ రాయడానికి కూర్చోగానే నా చెయ్యి దానంతటదే చిన్నప్పుడు చదివిన దారిలోకి మళ్ళింది. 1947లో మొదలైన 'చందమామ' మా తరం దాకా నెలనెలా ఇంటికి వచ్చేది. రంగుల బొమ్మల సీరియళ్ళు చదవడానికి అన్నదమ్ములతో కొట్లాడిన దాన్ని. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు, మర్రిచెట్టు తొర్రలో చిలుక, చిలుకలో మాంత్రికుడి ప్రాణం: అదంతా నా వేళ్ళలోనే ఉంది. అందుకే నా దీవిలో చిలుక ఉంది, రాక్షసుడు ఉన్నాడు, నీళ్ళు లేవు.

ఆ నెల రోజుల్లో నాకు అర్థమైంది ఒకటే. అమ్మమ్మ చెప్పే కథ ఒక రాత్రిది. అన్నం ముద్దలు అయిపోయేలోపు రాకుమారుడు ఏడు సముద్రాలు దాటి వచ్చేస్తాడు, వాడికి దాహం వేసే వ్యవధి లేదు. నవల అలా కాదు. చదివే పిల్ల ఆ దీవిలో వాళ్ళతో పాటు పదకొండుసార్లు పడుకొని పదకొండుసార్లు లేస్తుంది. లేచిన ప్రతిసారీ నోరు కడుక్కోవాలి.

వేసవి సెలవుల్లో ఉప్పాడ వెళ్ళాను. అమ్మమ్మ కాలం నాటి ఒక మామ్మ ఇంకా ఉంది. ఎనభై దాటి ఉంటాయి. పాత రోజుల్లో, కుళాయి రాకముందు, నీళ్ళకు ఏం చేసేవారని అడిగాను. నోటితో చెప్పకుండా చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది. అలలు తగిలే చోటు నుంచి బాగా వెనక్కి, ఇసుక దిబ్బ దాటాక, తాటిచెట్ల కింద కూర్చుంది. చేత్తోనే ఇసుక తోడడం మొదలుపెట్టింది. మోచేతి లోతు అయ్యేసరికి అడుగున ఇసుక నల్లబడింది. ఇంకో రెండు దోసిళ్ళు తీశాక గుంట అంచుల నుంచి నీళ్ళు ఊరడం మొదలైంది. మొదట మురికిగా వచ్చాయి. వాటిని తోడి పారబోసి "ఆగు" అంది. రెండోసారి ఊరినవి కొంచెం తేటపడ్డాయి. మూడోసారి కొబ్బరిచిప్పతో ముంచి నా చేతికి ఇచ్చింది.

చప్పగా, చల్లగా ఉన్నాయి. నాలుక చివర ఎక్కడో ఒక ఉప్పు కణం ఉందేమోనన్న అనుమానం, అంతే. సముద్రం హోరు చెవిలో వినిపిస్తూనే ఉంది.

ఆ గుంటను చెలమ అంటారని తెలుగు చదివిన వాళ్ళందరికీ తెలుసు. నాకు తెలియనిది మామ్మ చెప్పిన రెండో మాట. నేను ఉత్సాహం కొద్దీ ఇంకా లోతుగా తోడబోతే చెయ్యి పట్టుకుంది. "లోతుకు ఆశపడకమ్మా, ఉప్పొస్తుంది."

ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే ఆ మాటకు శాస్త్రం ఉంది. ఇసుకలోకి ఇంకిన వాననీరు కింద ఉన్న ఉప్పునీటిలో వెంటనే కలిసిపోదు. లీటరు మంచినీరు కిలో తూగితే సముద్రపు నీరు 25 గ్రాములు ఎక్కువ తూగుతుంది. అందుకని తేలిక నీరు బరువు నీటి మీద తేలుతూ ఇసుక పొరల్లోనే నిలబడుతుంది. పగడపు దీవుల్లోనూ, ఇసుక లంకల్లోనూ మనుషులు బతికేది ఈ తేలే నీటి మీదే. సముద్ర మట్టానికి ఒక అడుగు పైన మంచినీరు నిలిస్తే, కింద దాదాపు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని లెక్క. నీటిలో తేలే మంచుగడ్డ ఎక్కువ భాగం కిందే ఉన్నట్టు. ఆశపడి ఎక్కువ తోడితే కింది ఉప్పు పైకి పొంగుకొస్తుంది. అన్నిటి కంటే నన్ను ఆపేసింది ఇంకొకటి: ఇలాంటి దీవుల్లో ఒడ్డుకు దగ్గరి బావుల నీటిమట్టం సముద్రంతో పాటు లేస్తుంది, దిగుతుంది. పోటు వచ్చిన కొంతసేపటికి బావి లేస్తుంది, ఆటు తీసిన కొంతసేపటికి దిగుతుంది. రోజుకు రెండుసార్లు, అచ్చం ఊపిరి తీసినట్టు.

నేను చిలుకలో దాచిన మాయ కంటే ఇది ఎంత పెద్ద మాయ! ఆ రాత్రే చిలుకను ఎగరగొట్టేశాను. రాక్షసుణ్ణి నిద్ర లేపకుండానే పంపేశాను.

బడి తెరిచాక గాజు గ్లాసులో రంగు కలిపిన ఉప్పునీళ్ళు పోసి, చెంచా వెనక నుంచి మెల్లగా మంచినీళ్ళు జార్చి పిల్లలకు చూపించాను. రెండూ కలవకుండా ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి. ఎనిమిదో తరగతికి వచ్చిన మా ప్రశ్నల కుర్రవాడు గ్లాసును కంటికి ఆనించుకొని చూసి, "అయితే సరే, రాయండి టీచర్" అని అనుమతి ఇచ్చాడు.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. పుస్తకం మొత్తం మీద అసాధ్యం ఒక్కటే ఉండాలి: సముద్రం మింగినవి ఆ దీవికి చేరతాయి. మిగతా గాలి, నీరు, చెట్టు, పీత అన్నీ తమ ధర్మం ప్రకారమే నడవాలి. ఈ నియమం పెట్టుకోవడం తేలిక. దానికి లోబడి ఉండడంలోనే మిగతా రెండేళ్ళూ పోయాయి.

మొదటి చిక్కు: పిల్లలు అంత దూరం ఎలా వెళ్తారు? కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చి పోసిన ఇసుకతో ఏర్పడిన దీవి, చక్కటిదే. కానీ పడవ వాళ్ళు రోజూ తిరిగే చోట తప్పిపోయినా గంటలో ఎవరో ఒకరు ఇంటికి తెచ్చి దింపుతారు. నాకు కావలసింది ఇంకా లోపలి సముద్రం. మా చెల్లెలు పెళ్ళయి వెళ్ళింది అండమాన్‌కు. అక్కడ మన తెలుగు వాళ్ళు, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళిన వాళ్ళు, చాలామందే ఉన్నారు. నూకాలును, అప్పన్నను వాళ్ళ మేనమామ దగ్గరికి పంపి, అక్కడి నుంచి ఇంజను చెడిన డింగీలో తూర్పుకు కొట్టుకుపోనిస్తే సరి. అది రాయాలంటే నేను ముందు వెళ్ళాలి.

2023 సంక్రాంతి సెలవులకు ముందూ వెనుకా సెలవు కలుపుకొని విశాఖపట్నంలో ఓడ ఎక్కాను. విమానంలో రెండు గంటల్లో పోయేదానికి మూడో రోజు దాకా ఓడలో ఊగడమేమిటని ఇంట్లో అందరూ తిట్టారు. మొదటి పగలంతా వాంతులతోనే సరిపోయింది, దాని గురించి రాయడానికి ఏమీ లేదు. రెండో రోజు పైకి వచ్చి నిలబడ్డాను. ఎటు చూసినా ఒకే గీత. దూరం అనేది పటంలో కొలిచేది కాదని, నిన్న చూసిందే ఇవాళా కనిపించడమని అక్కడ తెలిసింది. మొదటి ప్రతిలో పిల్లలు కొట్టుకుపోయిన సముద్రానికి నేను ఒక పేరా ఇచ్చాను. తిరిగి వచ్చాక అది ఒక పూర్తి అధ్యాయమైంది.

చెల్లెలి ఇంట్లో మొదటి సాయంత్రమే ఇంకో తప్పు దొరికింది. కాఫీ తాగి కప్పు కడిగేలోపు చీకటి పడింది. గడియారం చూస్తే ఆరు కాలేదు. "ఇక్కడ ఇంతే అక్కా, తొందరగా తెల్లారుతుంది, తొందరగా పొద్దుపోతుంది" అంది చెల్లెలు. ఆలోచిస్తే వింతేమీ లేదు. మన దేశం గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ గీత పోయేది మా కాకినాడకు దగ్గరలోనే. పోర్ట్‌బ్లెయిర్ 92 ముప్పావు డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున నలభై నిమిషాల పైన తేడా. నా నవలలో సూర్యుడు నిక్షేపంగా ఆరున్నరకు అస్తమిస్తున్నాడు, పిల్లలు ఆ వెలుతురులోనే దారి వెతుక్కుంటున్నారు. తొమ్మిది చోట్ల దిద్దాను.

ఒక రాత్రి టార్చిలైటు పట్టుకొని ఒడ్డు వెంట నడిచాం. ఇసుక మీద గవ్వలు నడుస్తున్నాయి. సన్యాసి పీతలు. పాఠంలో ఏటా బొమ్మ గీసి చెప్పేదాన్ని, ఇన్ని ఒకేచోట చూడడం అదే మొదలు. మెత్తటి పొట్టను దాచుకోవడానికి ఖాళీ గుల్ల వెతుక్కొని అందులో దూరి, పెరిగినకొద్దీ పెద్ద గుల్లకు మారుతుంటాయి. ఆ గుంపులో ఒకదాని వీపు మీద గుల్ల లేదు. ఎర్రటి ప్లాస్టిక్ సీసా మూత ఉంది. మూత చిన్నది, పొట్ట సగం బయటికే ఉంది. వెలుగు పడగానే లోపలికి ముడుచుకోబోయింది, ముడుచుకోవడానికి చోటు లేదు. అలాగే కదలకుండా ఉండిపోయింది, కనిపించడం లేదని అనుకుంటున్నట్టు. చెల్లెలి కూతురు టార్చి ఆర్పేసింది. "పాపం పెద్దమ్మా, దానికి సిగ్గేస్తోంది." ఆ ఎర్రమూత పీత నవలలోకి నడిచి వచ్చింది. దానికి సరైన గుల్ల వెతికిపెట్టడం అప్పన్న పెట్టుకున్న పని. పిల్లలు రోలును మరిచిపోయినా ఆ పీతను మరిచిపోవడం లేదు.

పీత అంటే గుర్తొచ్చింది. రాక్షసుడు పోయాక వాడి చోటు ఖాళీగా ఉండిపోయింది. దాన్ని నింపింది కొబ్బరి పీత. నేల మీద బతికే పీతల్లోకెల్లా పెద్దది. నాలుగు కిలోల దాకా తూగుతుంది, కాళ్ళు చాపితే మూడడుగులు, చెట్టెక్కుతుంది, కొబ్బరికాయ పీచు తీసి పగలగొడుతుంది. గిన్నెలూ చెంబులూ ఈడ్చుకుపోతుందని దానికి దొంగ పీత అనే పేరు కూడా ఉంది. అండమాన్ నికోబార్‌లో ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్న జీవి. నాకు అంతకంటే ఏం కావాలి? సముద్రం మింగి తెచ్చిన వస్తువులన్నీ పోగేసుకొని, ఎవరినీ ముట్టుకోనివ్వని ముసలి పీత!

ఒక సాయంత్రం మరిది స్నేహితుడు, అక్కడే ముప్పై ఏళ్ళుగా వేట చేస్తున్న శ్రీకాకుళం ఆయన, ఇంటికి వస్తే ఉత్సాహంగా కథ చెప్పాను. చివరికి మనసు మారిన పీత పిల్లలను వీపు మీద ఎక్కించుకొని ఈదుతూ పెద్ద ఓడ దాకా చేర్చే ఘట్టం వచ్చింది. ఆయన మర్యాదగా విని, టీ గ్లాసు కింద పెట్టి, "అది ఈదదు కదమ్మా, నీళ్ళలో పడితే చస్తుంది" అన్నాడు.

నిజమే. పెరిగిన కొబ్బరి పీత గాలి పీల్చి బతుకుతుంది, నీళ్ళలో ముంచితే ఊపిరాడక పోతుంది. జీవశాస్త్రం టీచరుకు ఒక జాలరి చెప్పాల్సి వచ్చింది. ముగింపు మొత్తం కొట్టేయాల్సి వచ్చినందుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఆ పీతకే ఇంకొక సంగతి ఉంది. పుట్టేది మాత్రం సముద్రంలోనే. ఆడపీత పొట్ట కింద గుడ్లు మోసుకొని, పోటు వేళ అంచు దాకా వెళ్ళి, అలలో పడిపోకుండా రాయి పట్టుకొని, గుడ్లను నీటికి వదలాలి. నీరు తగలగానే పిల్లలు బయటికి వస్తాయి. అంటే తనను చంపగల నీటి దగ్గరికే పిల్లల కోసం వెళ్ళి తీరాలి. నా ముసలి పీత ఆ క్షణాన ఆడపీత అయిపోయింది. ముగింపు కూడా అదే ఇచ్చింది: అమావాస్య రాత్రి, పెద్ద పోటు, కాళ్ళలో సత్తువ లేని ముసలి పీత రాయి పట్టు తప్పకుండా నూకాలు పట్టుకొని నిలబడుతుంది. తర్వాత ఏమవుతుందో పుస్తకం కొన్నవాళ్ళు చదువుకుంటారు.

ఇక చెప్పడానికి కొంచెం సిగ్గుపడే సంగతి. మొదటి ప్రతిలో నా దీవిలో 'ఆటవికులు' ఉన్నారు. ముఖాలకు రంగులు, నిప్పు చుట్టూ చిందులు, పిల్లలను కట్టేసి ఏడు రోజులు బంధించడం. దీవి కథ అంటే అవి ఉండాలన్నట్టు చెయ్యి రాసుకుపోయింది. చెల్లెలి వాళ్ళతో బారాటాంగ్ బయలుదేరాం. దారి జరావా అనే ఆదిమ తెగ వాళ్ళ అడవి మధ్య నుంచి పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర బళ్ళన్నీ ఆపి, వరుసగా కాపలాతో వదులుతారు. ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, ఏమీ విసరకూడదు. ఆదిమ తెగల రక్షణకు 1956లోనే అక్కడ ప్రత్యేక నిబంధనలు చేశారు. సెంటినెలీలు ఉండే నార్త్ సెంటినెల్ దీవి దరిదాపులకు పడవ పోవడమే నేరం. డ్రైవరు ఇవన్నీ చెప్పాక కూడా మా వెనక సీట్లో ఒకాయన మెడ చాచి "కనిపిస్తారా, కనిపిస్తారా?" అని అడుగుతూనే ఉన్నాడు. నాకు కోపం వచ్చింది. కాసేపటికి ఆ కోపం నా మీదికే మళ్ళింది. నా అధ్యాయం చేస్తున్న పని కూడా అదే కదా, మెడ చాచి చూడడం. వాళ్ళు ఈ దేశ పౌరులు, ఆ అడవికి మన కంటే వేల ఏళ్ళు పాతవాళ్ళు. 2004 సునామీ నాడు సముద్రం వెనక్కి తగ్గడం చూసి లిటిల్ అండమాన్‌లో ఓంగేలు ఎత్తైన చోటికి వెళ్ళి ప్రాణాలు దక్కించుకున్నారు. సముద్రాన్ని చదవగలిగిన వాళ్ళను నేను చిందులేయించాను. బారాటాంగ్‌లో మడ అడవి మధ్య పడవలో పోతుంటే అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు అది మా కోరింగ మడ లాగే కనిపించింది, మనసు మాత్రం ఆ పద్నాలుగు పేజీల మీదే ఉంది. ఇంటికి రాగానే చించేశాను. నా దీవిలో మనుషులు లేరు, ఎప్పుడూ లేరు.

తిరిగి వచ్చాక రాత ఒక దారిలో పడింది. గోడకు మన తెలుగు క్యాలెండర్ తగిలించి, తిథుల పక్కన పెన్సిలుతో పోటు వేళలు వేసుకున్నాను. పోటుకు పోటుకు మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు, రోజు రోజుకు యాభై నిమిషాల చొప్పున ఆలస్యం, పౌర్ణమికి అమావాస్యకు పెద్ద పోటు, అష్టమికి చిన్నది. పిల్లలకు దీవిలో గడియారం లేదు, ఊపిరి తీసే బావే గడియారం. బావి వేళ తప్పి లేచిందంటే సముద్రం ఏదో తెస్తోందని గుర్తు. ఆ పటం చూసి మా ఆయన "జాతకం రాస్తున్నావా?" అన్నాడు.

అచ్చు సంగతి త్వరగా చెబుతాను, ఆ గొడవ రాసేవాళ్ళందరికీ తెలిసిందే. మొదట చూపించిన ప్రచురణకర్త రెండు కోరాడు: ఒక మాంత్రికుణ్ణి పెట్టమని, చివర ఒక నీతి పెట్టమని. మాంత్రికుడి విషయంలో కనీసం ఆలోచించాను. రెండోచోట పేజీలు తగ్గించమన్నారు. పదహారు పేజీలకు ఒక ఫారం, తొమ్మిది ఫారాలు దాటితే ధర పిల్లలకు అందదని. అది న్యాయమైన మాట. 144 పేజీలకు కుదించాను, బాగుపడింది కూడా. బొమ్మలు వేసిన అబ్బాయి మొదట అప్పన్నకు బూట్లు తొడిగాడు, డింగీని మూడు తెరచాపల ఓడ చేశాడు, కొబ్బరిచెట్లను దీపస్తంభాల్లా నిటారుగా నిలబెట్టాడు. ఒడ్డున ఉన్న కొబ్బరి సముద్రం వైపు వంగుతుందని ఫొటోలు పంపాను. ఆ తర్వాత అతను వేసిన చెట్లు చూస్తే గాలి వినిపిస్తుంది.

ప్రూఫులు మూడుసార్లు దిద్దాను. డీటీపీలో త బదులు ట పడి, ఒక అధ్యాయమంతా 'ముసలి పీట' అయింది. 'ముసలి పీట మెల్లగా కొబ్బరిచెట్టు దిగి పిల్లల వైపు కోపంగా చూసింది' అన్న వాక్యం మా ఇంట్లో ఇప్పటికీ వాడుకలో ఉంది. అంతా అయ్యి పుస్తకం యంత్రం ఎక్కబోతుంటే, 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. పటంలో ఏది వేయాలని ప్రెస్ నుంచి ఫోను. కథ జరిగేది అంతకు ముందు, పిల్లల మేనమామ పోర్ట్‌బ్లెయిర్ అనే అంటాడు, అలాగే ఉంచమన్నాను.

అయిదు వందల కాపీలు వేయించాను. మొదటి కాపీ మామ్మకు ఇద్దామని ఉప్పాడ వెళ్తే ఆమె లేదు, ఆ వేసవిలోనే పోయింది. ఇంట్లో వాళ్ళు పుస్తకం దీపం దగ్గర పెట్టారు. రెండో కాపీ మా ప్రశ్నల కుర్రవాడికి. అప్పటికి వాడు పదో తరగతి, మీసం నూనూగుగా వస్తోంది, పిల్లల పుస్తకం చదువుతాడో లేదో అనుకున్నాను. వారం తర్వాత స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పుస్తకం, మధ్యలో బస్సు టికెట్టు మడిచి గుర్తు పెట్టుకున్నాడు.

"బావి బాగుంది టీచర్. మామ్మ చెప్పినట్టే ఉంది."

"ఊఁ."

"కానీ ఇక్కడ చూడండి. ఆరో అధ్యాయంలో పౌర్ణమి. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. బావి పొంగి గట్టు దాటి పారిన రాత్రికి ఎనిమిది రోజులే అయ్యాయి." ఒక్క క్షణం ఆగి, నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "అష్టమి నాడు అంత పోటు ఎక్కడిది టీచర్?"

పుస్తకం అందుకొని వేళ్ళ మీద లెక్కపెట్టాను. వాడు చెప్పింది నిజమే. ఆ రాత్రి మొదట అమావాస్యే. ఆటవికుల అధ్యాయం చించేసినప్పుడు దానితో పాటు ఏడు రోజులు పోయాయి. చివరి ఘట్టానికి తిథి సరిచూసుకున్నాను కానీ, మధ్యలో ఈ రాత్రి ఒకటి వెనక్కి జరిగి అష్టమి మీద కూర్చుందని చూసుకోలేదు. గోడ మీద క్యాలెండరు, పెన్సిలు గీతలు, మూడుసార్ల ప్రూఫులు, అన్నీ దాటుకొని వచ్చేసింది.

"రెండో ముద్రణలో దిద్దుతాను" అన్నాను.

"ఎప్పుడు వస్తుంది టీచర్?"

మొదటి ముద్రణవి రెండు వందల పైన ఇంకా మా మంచం కింద ఉన్నాయి. ఆ సంగతి వాడికి చెప్పలేదు. ఎర్ర పెన్ను తీసి, వాడి కాపీలో ఆ పేజీ అంచున 'అమావాస్య' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.